పలకల గుట్టలో ఏది ఉంచాలి, ఏది ఇవ్వొచ్చు: నల్లమల అంచున ఒక పాత గని కేసు

ఇది మార్కాపురం ప్రాంతంలో, నల్లమల కొండల కింద ఉన్న ఒక ఊరి కేసు. ఊరి పేరు, మనుషుల పేర్లు, లీజు ఎవరిదన్న సంగతి ఏవీ రాయట్లేదు, కొన్ని గుర్తులు కావాలనే మార్చాను, ఎందుకంటే ఇందులో కొంతమంది ఆరోగ్యం సంగతులున్నాయి, భూమి సంగతులున్నాయి. నేను పాత కట్టడాల రిపేరు పని చేసే ఆర్కిటెక్ట్‌ని. గుళ్ల మీద, కోటల మీద మన దగ్గర ఎంతో కొంత రాస్తారు, మూతపడ్డ గనిని ఏం చేయాలో తెలుగులో రాసింది మాత్రం నాకు పెద్దగా కనపళ్లేదు. ప్రకాశం, నెల్లూరు రెండు జిల్లాల్లోనూ ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి రేపు ఎవరికైనా ఇదే పని తగిలితే మేం ఎక్కడ ఏ కారణంతో ఏం చేశామో తెలియాలని కాస్త వివరంగానే రాస్తున్నా.

చోటు గురించి

మార్కాపురం అంటే పలకలు, ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. భూగర్భ శాస్త్రం వాళ్లు ఈ రాతిని కంభం ఫార్మేషన్ అంటారు, కడప బేసిన్‌లో నల్లమలై గ్రూపులో అది ఒక భాగం. వంద కోట్ల ఏళ్ల కంటే ముందు పేరుకున్న బురద గట్టిపడి, తర్వాత కొండలు ముడుచుకునే ఒత్తిడికి నలిగి పలక అయింది. ఆ నలగడం వల్లే దానికి ఒకే దిక్కుగా చీలే గుణం వచ్చింది, ఆ దిక్కు కనిపెట్టి ఉలి పెట్టి సుత్తితో చిన్నగా కొడితే పుస్తకంలో పేజీ విడినట్టు విడిపోద్ది, దిక్కు తెలీకుండా కొడితే ముక్కలు తప్ప ఏం మిగలదు. ఈ ఒక్క గుణం మీద ఒక ప్రాంతం కొన్ని తరాలు అన్నం తింది.

ఊరి బయట కొండ కింద ఉన్న ఈ గనిలో స్కూలు పలకలకి రాయి తీసేవాళ్లు. ఒక పెద్ద గుంత, పక్కన రెండు చిన్న గుంతలు, వరసగా రాతి షెడ్లు, షెడ్లకి బాగా దూరంగా ఒంటరిగా కట్టిన మందు గది (రాయి పేల్చే మందు దాచేది), ఒక డీజిల్ ఇంజను దిమ్మె (ఇంజను ఎప్పుడో పాత ఇనుముకి పోయింది, దిమ్మెలో బోల్టులు మాత్రం ఉన్నాయి), వీటన్నిటికంటే ఎత్తుగా పనికిరాని రాయి పోసిన గుట్ట. ప్లాస్టిక్ పలకలు, అట్ట పలకలు వచ్చాయి, తర్వాత పిల్లలకి మొదటి రోజు నుంచే నోటు పుస్తకాలొచ్చాయి, రాతి పలక గిరాకీ పడిపోయింది. పెట్టుబడి ఉన్న వాళ్లు గోడలకి, నేలకి వేసే డిజైన్ పలకల వైపు, ఎగుమతుల వైపు మళ్లారు. ఇక్కడ లాంటి చిన్న గనులు ఆగిపోయాయి.

మమ్మల్ని ఎందుకు పిలిచారు

పిలిచింది ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు, వాళ్లతో పాటు సర్పంచి గారు. సర్పంచి గారి మాట సూటిగా ఉంది, "మేడమ్, గండికోటకి అంత జనం పోతున్నారు గదా, మా ఊరికి కూడా అట్టా నలుగురు వచ్చేట్టు ఏదైనా చెయ్యండి" అన్నారు. కుర్రాళ్లకి ఆ షెడ్లు బాగు చేసి మ్యూజియం పెట్టాలని ఉంది. ఇవి పైకి చెప్పినవి.

అసలు తొందర వేరే చోట ఉంది. పెద్ద గుంతలో వాన నీళ్లు నిలబడి చెరువైంది, ఎండాకాలం మేకలకి, గేదెలకి అదే నీళ్లు, అందులో ఒక పిల్లాడు జారి పడితే పక్కనున్న కాపరి లాగి బతికించాడు. రెండోది, తుఫాను వానకి గుట్ట ఒక పక్క జారి పొలాలకి పోయే దారి మూసుకుపోయింది. మూడోది, రోడ్డు పని చేసే కాంట్రాక్టరు ఆ గుట్ట మొత్తం తీసేసుకుంటాను, ఊరికి కొంత డబ్బు కడతాను అని అడుగుతున్నాడు. ఊళ్లో సగం మందికి ఇది మంచి బేరంగా కనపడింది, ప్రమాదం పోద్ది, డబ్బొస్తది, చోటు చదునైతే సంతకైనా పనికొస్తది.

నా ముందు మొదటి నిర్ణయం అది. మ్యూజియం సంగతి ఏడాది ఆగినా నష్టం లేదు, గుట్ట మాత్రం ఒకసారి లారీ ఎక్కితే తిరిగి రాదు. అందుకని ఊరి వాళ్లని అడిగింది ఒక్కటే, మేం చూసి చెప్పేదాకా గుట్టని కదపొద్దు, వద్దనుకుంటే తర్వాత కూడా అమ్ముకోవచ్చు. ఒప్పుకోవడం తేలిక కాలేదు, కానీ జారిపడ్డ దారిని ముందు మేమే దగ్గరుండి బాగుచేయిస్తామంటే ఒప్పుకున్నారు. పాత చోట్ల దగ్గర పని మొదలుపెట్టే వాళ్లు ముందు ఊరికి ఉన్న నొప్పి తీర్చకుండా చరిత్ర గురించి మాట్లాడితే ఎవరూ వినరు, వినాల్సిన అవసరం కూడా వాళ్లకి లేదు.

చట్టం దారి ఎందుకు పట్టలేదు

ఇలాంటి చోటు అనగానే అందరూ అడిగేది, పురావస్తు శాఖకి రాసి రక్షిత కట్టడంగా ప్రకటించమనొచ్చు కదా అని. చూశాం. కేంద్రం 1958 చట్టం ప్రకారం పురాతన కట్టడం అనాలంటే కనీసం 100 ఏళ్లు ఉండాలి, రాష్ట్రానికి 1960లో చేసిన చట్టం వేరే ఉంది, మా షెడ్లకి ఎంత లాగినా ఆ వయసు రాదు. వయసు సంగతి పక్కన పెట్టినా నాకు ఇంకో భయం ఉంది. కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు కట్టడాలు నిషేధం, దాని అవతల ఇంకో 200 మీటర్లు అనుమతితోనే కట్టాలి. ఊరి పశువుల కొట్టాలు, కొన్ని ఇళ్లు ఆ దూరంలోనే ఉన్నాయి. గని మీద గౌరవం పెంచాలని వచ్చి గొడ్ల చావిడి కట్టుకోనివ్వని పరిస్థితి తెస్తే, ఆ గనికి ఊరే శత్రువైపోద్ది.

పలకరాయి 2015 ఫిబ్రవరి నుంచి చిన్న తరహా ఖనిజాల జాబితాలో ఉంది, అంటే లీజు వ్యవహారం రాష్ట్ర గనుల శాఖ చేతిలో ఉంటది (అబ్రకం, అంటే మైకా కూడా అప్పుడు ఆ జాబితాలోనే చేరింది, 2025లో దాన్ని తీసేశారు). కాబట్టి మాకు కావాల్సింది ఈ భూమి ఎవరిది, పాత లీజు గడువు ఎప్పటిదాకా, గుట్ట మీద హక్కు ఎవరిది అన్న కాగితాలు. గుట్ట ఊరిదని ఊరు అనుకుంటోంది, కాంట్రాక్టరు కూడా అట్లానే అనుకున్నాడు, రికార్డు చూస్తే అంత తేలిగ్గా లేదు, తీసిన రాయి తరలించాలంటే పర్మిట్ కావాలి. ఈ ఒక్క కాగితం పని మాకు చాలా సమయం కొనిపెట్టింది. మీ కేసులో కూడా కొలత టేపు తీసేముందు అడంగల్ తీయండి.

ముందు చేసినవి, నిలబడనివి

గుంత చుట్టూ ముళ్ల కంచె వేయించాం, ప్రమాదం అని బోర్డు పెట్టించాం. వేసవి రాగానే కంచె తెగింది. కోపం రావాల్సిన పని లేదు, గొడ్లకి వేరే నీళ్లు లేవు, పడమటి ప్రకాశంలో నీళ్ల కష్టం ఎట్లాంటిదో ఇక్కడి వాళ్లకి తెలుసు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్, చెరువులు ఎండిపోతే కిలోమీటర్ల కొద్దీ తోలుకుపోవాలి. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే కంచె తెగిన చోటు ఊరికి దగ్గర పక్క, అదే గుంతలో అన్నిటికంటే నిలువుగా ఉన్న పక్క. అంటే కంచె వేయకముందు కంటే ఇప్పుడు జనం ఇంకా చెడ్డ చోట దిగుతున్నారు.

షెడ్ల సంగతి. ఈ గోడలు గనిలో రాలిన రాయినే మట్టితో పేర్చి కట్టినవి. మేం రాకముందే ఎవరో మంచి ఉద్దేశంతో ఒక షెడ్డుకి సిమెంటు పూత పూయించారు. మట్టి అడుసుతో కట్టిన గోడకి సిమెంటు పూస్తే పైనుంచి, నేల నుంచి లోపలికి చేరిన చెమ్మ బయటికి రాలేదు, లోపల మట్టి మెత్తబడి కిందికి దిగిపోద్ది, బయట సిమెంటు పెంకు నున్నగానే కనపడుతూ ఉంటది, లోపల రాళ్ల మధ్య ఖాళీ. ఆ గోడ నడుం దగ్గర ఉబ్బింది. పూత లేని పక్క షెడ్డు గోడ, కప్పు ఎగిరిపోయి ఎన్నో వానలు తిన్నా, దానికంటే నిటారుగా నిలబడింది. కుర్రాళ్లు మిగతా షెడ్లకి కూడా పూత వేయిద్దాం అని చందాలు పోగుచేస్తుంటే ఈ రెండు గోడలూ పక్కపక్కన చూపించి ఆపాను.

మూడోది స్కూలు పిల్లల కోసం పెట్టిన ప్రదర్శన. పాత పనివాళ్లు ఉలితో పలక చీల్చి చూపిస్తారు, పిల్లలు చూస్తారు, అంతవరకే అనుకున్నాం. పిల్లలకి నలుచదరం పలక కావాలని అడిగేసరికి ఒకాయన ఉత్సాహంగా కటింగ్ మిషను తెచ్చి పొడిగానే కోయడం మొదలుపెట్టాడు, నిమిషంలో అక్కడంతా తెల్లటి దుమ్ము. ఆపేసి పిల్లల్ని దూరం పంపించాం. పలకరాయిలో సిలికా ఉంటది, కంటికి కనపడే దుమ్ము కంటే కనపడనంత సన్నటి దుమ్మే ఊపిరితిత్తుల అడుగుకి పోయి అక్కడే ఉండిపోద్ది, సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. మొహానికి తువ్వాలు కట్టుకుంటే ఆ సన్న దుమ్ము ఆగదు. మధ్యప్రదేశ్ మంద్‌సౌర్‌లో బలపాలు కోసిన కార్మికులు ఎంతోమంది ఈ జబ్బుతోనే పోయారు. ఆ తర్వాత మా నియమం ఇది: ఆరుబయటే, తడిపిన రాయిని, చేత్తో చీల్చడం మాత్రమే, మిషను అసలు సైటులోకే రాకూడదు. పిల్లలకి ఇవ్వాల్సిన చదరం పలకలు ముందే వేరే చోట నీళ్లు పోస్తూ కోయించి తెస్తాం.

నాలుగోది మాటలు రికార్డు చేయడం. రావిచెట్టు కింద అందరినీ కూర్చోబెట్టి అడిగితే పాత మేస్త్రీ ఒక్కడే మాట్లాడాడు, ఎన్ని లారీలు పోయేవి, ఏ ఊళ్లకి పోయేవి, మందు ఎట్లా పెట్టేవాళ్లు. మిగతా మగాళ్లు తలలూపారు. ఆడవాళ్లు వెనక నిలబడి విన్నారు. గంటల కొద్దీ ఆడియో ఉంది, అందులో పని ఎట్లా జరిగిందో నాకు బొమ్మ కట్టలేదు.

దారి ఎక్కడ దొరికింది

కూర్చోబెట్టి అడగడం మానేసి నడవడం మొదలుపెట్టాం. రాయి గుంతలోంచి బయల్దేరి పలకై లారీ ఎక్కేదాకా ఏ దారిన పోయిందో అదే దారిన, ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో, ప్రతి చోటా ఆగి "ఇక్కడ ఎవరు కూర్చునేవాళ్లు, చేతిలో ఏముండేది, మిగిలింది ఎక్కడ పోసేవాళ్లు" ఇవే ప్రశ్నలు. ఆడవాళ్లతో వేరుగా నడిచాం. మనిషి తను పనిచేసిన చోట నిలబడితే చేతులు వాటంతట అవే చెబుతాయి.

గుట్ట కథ అట్లా తేలింది. నడుస్తూ గుట్ట దగ్గరికొచ్చాక ఒక పెద్దావిడ వంగి రెండు ముక్కలు తీసి వేలి కణుపుతో తట్టింది. ఒకటి ఖంగుమంది, ఒకటి చచ్చుగా మోగింది. "ఇది పగులున్నది అమ్మాయ్, కంటికి కనపడదు, చెవికి తెలిసిద్ది. మేస్త్రీకి మేమే ఏరి ఇచ్చేవాళ్లం" అంది. అంటే మంచి రాయి, చెడ్డ రాయి వేరుచేసిన నైపుణ్యం ఆడ కూలీలది, వాళ్లని ఊరు మొత్తం తట్ట మోసేవాళ్లుగానే గుర్తుపెట్టుకుంది. తర్వాత ఆవిడే గుట్ట చుట్టూ తిప్పి చూపించింది. వెనక పక్క పెద్ద బండలు, ఎర్రమట్టి, అది గని తెరిచేటప్పుడు తీసిన పై పొర. మధ్యలో మందంగా, ఒక పక్క మాత్రమే చీలినవి, అవి ఉలి పనిలో పోయినవి. షెడ్ల వైపు, బాట పక్కన సన్నటి ముక్కలు, ఒక అంచు తిన్నగా కత్తిరించినట్టు ఉన్నవి, అవి కొలతకి కోసేటప్పుడు రాలినవి. ఒక మూల దాదాపు పూర్తయి చివర్లో పగిలిన పలకలు, కొన్నింటి మీద గీతలు కూడా ఉన్నాయి.

అంటే ఊరు చెత్త అనుకున్న గుట్టలో గని తెరిచిన నాటి నుంచి చివరి రోజు దాకా ఏ దశలో ఎంత రాయి పోయింది, ఏ సైజు పలకలు చేశారు అన్నది మొత్తం ఉంది, షెడ్లలో ఇందులో పదోవంతు కూడా లేదు. కాంట్రాక్టరు ఎక్కడ నుంచి తీద్దామనుకున్నాడంటే బాట పక్క నుంచి, లారీకి అదే అనువు, సరిగ్గా అన్నిటికంటే విలువైన భాగం అదే. అక్కడ అంతకుముందే కొంత తీసేశాడు కూడా, గుట్ట జారింది అందుకే. పోసిన రాయి తనంతట తాను ఒక వాలులో నిలబడి ఉంటది, పాదం దగ్గర తవ్వితే పైనున్నదానికి ఆసరా పోద్ది, పలచటి ముక్కలు ఒకదాని మీద ఒకటి జారడానికి సిద్ధంగా ఉంటాయి, వాన నీళ్లు పడితే ఇక ఆగదు. ఊరి వాళ్లు గుట్టే ప్రమాదం అనుకున్నారు, ప్రమాదం తెచ్చింది మాత్రం పాదం దగ్గర తవ్వడం.

ఇక్కడ నిర్ణయం. గుట్ట మొత్తం ముట్టుకోవద్దు అని చెప్పొచ్చు, పురావస్తు పనివాళ్లకి ఆ మాట చెప్పడం తేలిక. కానీ ఊరికి డబ్బు అవసరం నిజం. వెనక పక్క పై పొర మట్టి, బండలు చాలా ఎక్కువ, అందులో చెప్పుకోడానికి సమాచారం తక్కువ. కాబట్టి వెనక భాగంలో కొంత, పై నుంచి మెట్లు మెట్లుగా, పర్మిట్ తీసుకుని, గట్టు నింపడానికి ఇవ్వొచ్చు అన్నాం. రోడ్డు కంకరకి మాత్రం పలకరాయి పనికిరాదని ఇంజనీరు గారితో కూర్చుని మాట్లాడాం, పలచగా పొడుగ్గా ఉండే రాయి శాతం మీద పరిమితి ఎందుకుందంటే రోలరు కింద అది నలిగిపోద్ది. ఆయన ఒప్పుకున్నాక కాంట్రాక్టరుకి ఆ బాట పక్క ముక్కల మీద మోజు తగ్గింది. పాదం దగ్గర పెద్ద రాళ్లతో, సున్నం సిమెంటు లేకుండా, నీళ్లు సందుల్లోంచి పోయేట్టు పేర్పు గోడ కట్టించాం, గుట్ట పైన కొండ నీళ్లు పక్కకి మళ్లేట్టు చిన్న కాలవ తీయించాం.

కుర్రాళ్లకి గుట్ట ఉంచడం ఎందుకో చెప్పడానికి రెండు ఉదాహరణలు పనికొచ్చాయి. ఒకటి బ్రిటన్‌లోని వేల్స్, అక్కడి పలక గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది, అందులో గనులు, రైలు దారులు, ఊళ్లతో పాటు ఈ వేస్టు గుట్టలు కూడా ఉన్నాయి. అక్కడే లాన్‌బెరిస్ అనే ఊళ్లో పాత గని వర్క్‌షాపులనే 1972లో మ్యూజియం చేశారు. ఫోటోలు చూశాక వాళ్లకి తమ గుట్ట మీద చూపు మారింది. రెండోది మన పక్కనే ఉన్న కంభం చెరువు. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి కట్ట వేసి కట్టిన చెరువు, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది, అది ఇన్ని వందల ఏళ్లు నిలబడిందంటే దాని కింద పొలాలు పండుతున్నాయి కాబట్టి ఎవరో ఒకరు కట్ట చూసుకుంటూ వచ్చారు. మా గని దగ్గర కూడా ఊరికి రోజూ పనికొచ్చేది ఒకటి ఉండాలని అప్పుడు గట్టిగా అనిపించింది. నెల్లూరు వైపు సైదాపురం, కలిచేడు అబ్రకం గనుల్లో ఒకప్పుడు పారేసిన తుక్కు అబ్రకానికి తర్వాత పొడి రూపంలో గిరాకీ వచ్చింది, పాత గుట్టలకే ధర పలికింది. గుట్టకి ధర వచ్చే రోజు ఇక్కడా రావొచ్చు, ఏ భాగం ముట్టుకోకూడదో అంతకుముందే తేల్చి పెట్టుకోవాలి.

గుంత, నీళ్లు

కంచె నిలబడకపోవడానికి జవాబు కూడా నడకలోనే దొరికింది. గుంతకి ఊరి వైపు పక్క కాకుండా అవతలి పక్క నుంచి ఒక పాత బండి బాట లోపలికి దిగుద్ది, పొదలు కమ్మేసి ఉంది. ఊరికి దూరం కదా, అక్కడెందుకు వేశారు అని అడిగితే ఒక పెద్దాయన అన్నాడు, "ఈ పక్క రాయి మన మీదకి వాలుద్ది, ఆ పక్క రాయి కొండలోకి వాలుద్ది, జారినా మన మీద పడదు". రాతి పొరలు గుంతలోకి వాలితే పలకలు ఆ వాలు వెంట జారి పడతాయి, ఎదురు పక్క పొరలు వెనక్కి వాలతాయి కాబట్టి ఆ జారుడు ఉండదు. పుస్తకంలో ఇంజనీర్లు చదివేదే ఇది. ఊరి వైపు అంచున కొత్త పగుళ్లు చూసి, ఎదురు పక్క కొలతలు వేసి చూస్తే పెద్దాయన మాట అక్షరాలా నిజం. గనుల భద్రత తెలిసిన ఒక ఇంజనీరుని కూడా తెచ్చి చూపించాం, ఇలాంటి చోట ఆర్కిటెక్టు చూపు ఒక్కటే చాలదు.

అప్పుడు చేసింది, పాత బండి బాట పొదలు కొట్టించి, కోసుకుపోయిన చోట్ల రాయి పేర్పించి, గొడ్లు దిగే ర్యాంపుగా తెరిచాం. నీళ్ల అంచున లోతు ఒక్కసారిగా పెరగకుండా రాళ్లతో అరుగు లాంటిది వేశాం, అక్కడే ఒక తాడు, గాలి నింపిన లారీ ట్యూబు. ఊరి వైపు ప్రమాదం ఉన్న అంచున, పగుళ్లకి బాగా వెనక్కి జరిపి, నడుం ఎత్తు రాతి గోడ పేర్పించాం. ముళ్ల కంచె తీగ ఎవరికైనా పనికొచ్చే వస్తువు కాబట్టి పోద్ది, అదే గనిలో దొరికే రాయిని ఎవరూ ఎత్తుకుపోరు. నీళ్లు పరీక్షకి పంపించాం, మనుషులు తాగడానికి వద్దన్నారు, ఆ మాట గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. ఈ గోడకి ఇంతవరకు ఎవరూ కన్నం పెట్టలేదు, పెట్టాల్సిన అవసరం లేకపోవడమే కారణం, గొడ్లకి దారి ఉంది.

షెడ్లు అన్నీ బాగుచేయలేదు. డబ్బు తక్కువ, దానికంటే ముఖ్యంగా, కొత్తగా కట్టిన కొద్దీ పాతది తగ్గిపోద్ది. ఒక్క షెడ్డుకి మాత్రం కప్పు వేశాం, సిమెంటు పూత జాగ్రత్తగా ఒలిపించి, ఉబ్బిన భాగం విప్పి, అవే రాళ్లతో, జల్లించిన మట్టికి కాస్త సున్నం కలిపి మళ్లీ కట్టించాం, మధ్య మధ్యలో గోడ మందం మొత్తం పట్టే పొడుగు రాళ్లు వేయించాం. మిగతా షెడ్లకి గోడ తల మీద వాలుగా పలకలు పరిచి నీళ్లు లోపలికి దిగకుండా మూశాం, అంతే. మట్టి గోడకి తల తడవకపోతే, పాదం తడవకపోతే చాలాకాలం ఉంటది. ఇంజను దిమ్మె మీద నకిలీ ఇంజను పెడదామని ఒకరు అడిగారు, వద్దన్నాం. ఆ బోల్టులు చూపించి ఇక్కడ ఏముండేదో పనివాళ్ల నోటితో చెప్పిస్తే సరిపోద్ది.

దగ్గు

ఈ భాగం నేను అనుకోని చోటికి తీసుకెళ్లింది. నడిచేటప్పుడు కొంతమంది పెద్దాళ్లు గుట్ట ఎక్కలేక ఆగిపోతున్నారు, మాట మధ్యలో ఆయాసం. అడిగితే టీబీ అని చెప్పారు, మందులు ఒకసారి వాడాం, మళ్లీ వాడాం, తగ్గలేదు. సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ, ఒక్కోసారి ఎక్స్‌రేలో ఒకటి ఇంకోటిలా కనపడి తేల్చడం కష్టమవుద్ది. డాక్టరు గారు పని సంగతి అడగకపోతే, వీళ్లు చెప్పకపోతే ఆ అనుమానం ఎవరికీ రాదు.

అక్కడ రికార్డింగ్ ఆపేశాం. మనుషుల జ్ఞాపకాలు తీసుకుని వాళ్ల ఊపిరి సంగతి వదిలేయడం నాకు సరైనదనిపించలేదు. ముందు ఛాతీ పరీక్షకి తీసుకెళ్లాం. అక్కడ మాకు పనికొచ్చింది నడకల్లో విన్నదాన్ని బట్టి మేం వేసిన పని క్రమం పట్టిక. ఎవరు ఏ పనిలో, ఎన్నేళ్లు, మూసిన షెడ్డులోనా బయటా, తడిగానా పొడిగానా అన్నది ప్రతి మనిషికీ ఒక కాగితం మీద రాసి ఇచ్చాం. కోతలో, అరగదీతలో పొడిగా పనిచేసినవాళ్లకి దుమ్ము ఎక్కువ, గుంతలో ఉలి పని చేసినవాళ్లకి అంతకంటే తక్కువ, ఈ తేడా డాక్టరుకి కావాల్సిన సమాచారం. సిలికోసిస్ పాత గనుల చట్టం, ఫ్యాక్టరీల చట్టం రెండింటి కిందా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు (2025 నవంబరులో వాటి చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది), కానీ పేరోల్లో పేరు లేని కూలీ తాను అక్కడ పనిచేశానని చూపించుకోవడం ఎంత కష్టమో అనుభవించిన వాళ్లకే తెలుసు. తోటి పనివాళ్ల సంతకాలతో ఉన్న ఆ కాగితం ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్న రుజువు. ఎవరికి ఏం తేలిందన్నది వాళ్ల సొంత సంగతి, ఇక్కడ రాయను.

తర్వాత రికార్డింగ్ మళ్లీ మొదలుపెట్టినప్పుడు పొద్దున్నే, కూర్చుని, కాసేపే మాట్లాడించాం.

ఇలాంటి కేసు మీకొస్తే

పరిశ్రమల వారసత్వం మీద 2003లో రష్యాలోని నిజ్నీ తగిల్‌లో ఒప్పుకున్న అంతర్జాతీయ చార్టర్‌లో, పాత పనుల్లో మనుషుల చేతికున్న నేర్పు పోతే తిరిగి రాదు, దాన్ని జాగ్రత్తగా రికార్డు చేయాలి అన్న మాట ఉంది. నేను అంతకుముందు దాన్ని సాంస్కృతిక విషయంగానే చదివాను. ఈ గని దగ్గర గుట్టలో ఏది ఉంచాలో, గుంతలోకి ఎటు నుంచి దిగాలో, ఆస్పత్రిలో ఏం చెప్పాలో అన్నీ ఆ పని క్రమంలోంచే వచ్చాయి. అందుకే ఇప్పుడు ఏ పాత మిల్లుకి పోయినా, అబ్రకం గనికి పోయినా, సున్నపు బట్టీకి పోయినా మొదట కట్టడం ప్లాను గీయను, పని నడిచిన దారి గీస్తాను, ఎక్కడ ఎవరు, ఏ పనిముట్టు, మిగిలింది ఎక్కడ పడింది. ఆడవాళ్లని వేరుగా అడుగుతాను. పనివాళ్లు డెబ్భై దాటి ఉంటే మిగతా పనులన్నీ ఆపి ఇది ముందు చేస్తాను, గోడ ఇంకో రెండేళ్లు ఆగుద్ది.

టూరిజం సంగతి సర్పంచి గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాం, గండికోట లాగా జనం రారు. చుట్టుపక్కల స్కూళ్ల పిల్లలు వస్తున్నారు, జియాలజీ చదివే కాలేజీ పిల్లలు వస్తున్నారు, వాళ్లకి ఊళ్లోనే అన్నం వండి పెడుతున్నారు, ఆ డబ్బు ఆడవాళ్ల పొదుపు సంఘానికి పోతోంది. పెద్ద మొత్తం కాదు.

తేలనిది ఒకటి ఉంది. చిన్న గుంతల్లో డిజైన్ పలకల కోసం మళ్లీ రాయి తీస్తామని ఒకరు అడుగుతున్నారు. దానికి అడ్డం పడాలని నేను అనుకోవట్లేదు, పలక మీద బతికిన ఊరికి ఆ పని మళ్లీ వస్తే మంచిదే, తడి కోత, మాస్కులు, ఆరోగ్య పరీక్షలు ఉండాలి, అంతే. కాకపోతే లీజు హద్దుల్లోంచి బాట పక్క గుట్ట, బండి బాట, మందు గది బయట పెట్టాలని గ్రామసభ తీర్మానం చేయించాం, దానికి కొలతలున్న మ్యాపు జతచేశాం. మ్యాపు కాపీలు పంచాయతీలో, స్కూల్లో, పొదుపు సంఘం దగ్గర ఉన్నాయి. గుట్ట వెనక భాగం కొలతలు ఇంకా పూర్తి కాలేదు, కార్తీకం వానలు తగ్గాక అవి వేసి, లీజు దరఖాస్తు విచారణకి రాకముందే గనుల శాఖకి ఇవ్వాలి.